తెరమీది బొమ్మ, మన పలుకు

నల్లగొండ పట్టణమును ఆనుకొని పానగల్లు కలదు. పాలమూరు వైపు, వనపర్తి సీమలో, కొండకోట గల పానగల్లు వేరొకటి యున్నది. బహమనీ సుల్తాను ఫిరోజ్‌షాకును విజయనగర ప్రభువగు మొదటి దేవరాయలకును 15వ శతాబ్దమున పోరు జరిగినది ఆ కోటకడ. మనమిప్పుడు పోవలసినది నల్లగొండ పానగల్లునకు. కందూరు చోడులు 11, 12 శతాబ్దములలో ఇచ్చటినుండి రాజ్యమేలిరి. వారి కాలపు ఉదయసముద్రమను చెరువు నేటికిని ఆ పేరనే యున్నది. దానికి దాపున ఛాయాసోమేశ్వరుని గుడి. మూడు గర్భగృహములకు ఒకే మండపము. వానిలో ఒక గర్భగృహమున, లింగము వెనుకటి గోడమీద, ఒక స్తంభపు నీడ పగలెల్ల నిలిచి యుండును. సూర్యుడు తూర్పున నున్నను, పడమటికి వాలినను ఆ నీడ కదలదు. చూడవచ్చిన వారందరును అది ఏ స్తంభపు నీడయో పట్టుకొనవలెనని మండపమెల్ల తిరుగుదురు. ఒక్క స్తంభముతో ఆ లెక్క తేలదు. ఇరుప్రక్కల వెలుతురు స్తంభముల నడుమగా వచ్చి గోడపై కలిసి పడునట్లు ఆ మండపము కట్టబడినది.

అదే ఊరిలో పచ్చల సోమేశ్వరాలయము కలదు. దాని రాళ్లపై రామాయణ భారత ఘట్టములును శివలీలలును చెక్కబడి యున్నవి. అక్షరము రాని ముసలివాడు సైతము మనుమని చేయి పట్టుకొని, వీడు భీముడు, వాడు దుర్యోధనుడు అని బొమ్మ బొమ్మకు పేరు చెప్పుచు అచ్చట నడువగలడు.

సినిమాను గూర్చి మాటలాడవలసినవాడు గుడుల చుట్టు తిరుగుట యేమని శ్రోతలు అడుగవచ్చును. కందూరు చోడులే చలనచిత్రమును కనిపెట్టిరని చెప్పుట నా యుద్దేశము కాదు. అట్టి గొప్పలు మనకు ఇదివరకే కావలసినన్ని కలవు. నేను చెప్పదలచినది చిన్నమాట. గోడమీది నీడను కన్నార్పక చూచుటయు, తెలిసిన కథను వరుస బొమ్మలలో మరల చదువుకొనుటయు మన జనులకు సినిమా నేర్పిన విద్యలు కావు. సినిమా వచ్చునప్పటికి చూపరులు సిద్ధముగా నుండిరి. ఒక చిత్రమును మనవారు ప్రాణముగా చూచుకొని, దానికి పదింతలు ఖర్చయిన మరియొక చిత్రమును వారము తిరుగకమునుపే మరచిపోవుట కేమి కారణమో తెలియవలెనన్న, ఆ చూపరుల సంగతి ముందు తెలియవలెను.

పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దమున తన పండితారాధ్య చరిత్రయందు శ్రీశైలమునకు చేరిన జనుల వేడుకలను చెప్పుచు బొమ్మలాటలను పేర్కొనినాడు. మన మెట్టసీమలో చిందు భాగవతులు ఊరి నడుమ రాత్రి తెల్లవారువరకు ఆడిరి. పాలమూరు బిడ్డ సురవరము ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములకన్న జనుల ఆటపాటలకే ఎక్కువ చోటిచ్చుట ఊరకయే కాదు. ఒక జాతి దేనికి నవ్వునో దేనికి ఏడ్చునో తెలిసిననే గాని దాని చరిత్ర తెలియదని ఆయన యెరుగును. ఈ ఆటలన్నింటిలోను ఒక విశేషము కలదు. కథ చూపరులకు ముందే తెలియును. కీచకుడు చచ్చునని తెలిసియే వచ్చి కూర్చుందురు. ఏమగునో యను ఆతురత వారికి లేదు. ఎట్లగునో యను ఆసక్తి కలదు. ఈ రాత్రి ఈ భాగవతుడు భీముని ఎట్లు నడపించును, ఏ మాటను ఎచ్చట విరుచును, మన ఊరి పటేలును చూచి ఏ చెణుకు విసరును, ఇదియే రుచి.

తొలి తెలుగు మాటల చిత్రము సైతము ఈ రుచినే నమ్ముకొనెను. హెచ్. ఎం. రెడ్డి తీసిన భక్తప్రహ్లాద 1932 ఫిబ్రవరిలో విడుదలయినది. అందు లీలావతి పాత్ర ధరించిన కమలాబాయి సురభి నాటక కుటుంబమువారి ఆడపడుచు. కడప సీమలోని సురభి గ్రామమున 1885లో మొదలయిన ఆ నాటకసమాజము తరతరములుగా ఊరూర డేరా వేసి మాయలను మంత్రములను కన్నులకు కట్టించినది. 1934లో సి. పుల్లయ్య తీసిన లవకుశకు పల్లెజనులు బండ్లు గట్టుకొని వచ్చిరని పెద్దలు చెప్పుకొనిరి. ఉత్తరకాండ తెలియని తల్లి ఆ బండ్లలో ఒక్కతెయైన నుండెనా? తెలిసిన దుఃఖమును మరల పడుటకే వారు రూకలిచ్చి పోయిరి.

ఇది మదరాసు వైపు కథ. హైదరాబాదు సంస్థానపు కథ వేరు. ఇచ్చట సినిమా తీయుట మనమనుకొనుదానికన్న ముందే మొదలయినది. ధీరేన్ గంగూలీ యను బెంగాలీ కళాకారుడు 1922లో హైదరాబాదునకు వచ్చి లోటస్ ఫిలిం కంపెనీని స్థాపించి మూకీ చిత్రములు తీసెను. 1924లో రజియా బేగం అను చిత్రమును ఆయన ప్రదర్శించినందుకు నిజాము ప్రభుత్వము ఆగ్రహించి ఆయనను సంస్థానము విడిచి పొమ్మనినది. ముస్లిము రాణి హిందువును ప్రేమించినట్లు అందు కలదని అభ్యంతరము. ఆయన కలకత్తాకు మరలిపోయెను, కంపెనీ మూతపడెను. ఒక రాజుగారి కోపము ఒక నగరపు చిత్రపరిశ్రమను మొలకలోనే తుంచివేసినది. తరువాత హైదరాబాదులో ఒక స్టూడియోయందే పూర్తిగా తీసిన తెలుగు చిత్రము రావలెనన్న 1959 వరకు, సారథీ స్టూడియోలో మా ఇంటి మహాలక్ష్మి తయారగు వరకు, ఆగవలసివచ్చెను.

నడుమ నున్న కాలమంతయు మన సీమకు బొమ్మ బయటినుండియే వచ్చినది. హిందూస్థానీ చిత్రములు బొంబాయినుండి, తెలుగు చిత్రములు మదరాసునుండి. చదువును, కచేరీయు, కోర్టును ఉర్దూలో నడచిన ఆనాటి సంస్థానమున తెలుగు బాలుడు తెరమీద తెలుగు వినుటయే ఒక పండుగ. కరీంనగరమున పుట్టిన పైడి జైరాజు హిందీ చిత్రములలో నాయకుడై పేరు గడించెను గాని ఆయన మాతృభాషలో ఆయనను చూచు భాగ్యము మనకు అంతగా కలుగలేదు. పల్లెలకు డేరా సినిమా వచ్చునది. కోతలయిన చేనిలోనో, సంత జరుగు మైదానములోనో గుడారము వేసి, నూనె యంత్రముతో కరెంటు పుట్టించి, ఒకే యంత్రము గనుక రీలు రీలునకు దీపములు వెలిగించుచు ఆట నడపెడివారు. సాయంకాలము మైకులో రికార్డు మ్రోగినదనిన చుట్టుప్రక్కల పది ఊళ్లకు పిలుపు అందినట్లే. నేల, బెంచీ, కుర్చీ అని తరగతులు. నేలపై కూర్చున్నవారి ఈలలే చిత్రమునకు మొదటి తీర్పు. పత్రికలలోని విమర్శ అటుపిమ్మటిది.

ఇట్టి నేల తరగతి తీర్పులో నెగ్గి, తరువాత పండితుల తీర్పులోను నెగ్గిన చిత్రములు మనకు ఎన్నియో లేవు. విజయా సంస్థవారి పాతాళభైరవి 1951లో వచ్చినది. 1952లో మనదేశమున జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమునకు అది పోయినది. దాని తరువాత అదే సంస్థనుండి, అదే దర్శకుడు కె. వి. రెడ్డి చేతినుండి, 1957 మార్చి 27న మాయాబజారు వెలువడినది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి అయిదు నెలలయినను నిండలేదు. గోదావరికిని కృష్ణకును ఇరువైపుల నున్న తెలుగువారు ఒకే రాష్ట్రవాసులై కలిసి చూచిన మొదటి గొప్ప చిత్రము అదియే యన్నను తప్పులేదు. 2010లో దానికి రంగులద్ది మరల విడుదల చేసిరి. 2013లో ఒక జాతీయ వార్తా ప్రసార సంస్థ జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో భారతీయ చిత్రములన్నింటిలో మొదటి స్థానము దానికే దక్కినది.

ఎందుకింత ప్రీతి? మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణమనుదురు; నిజమే, స్టూడియోలో కాయించిన ఆ వెన్నెలను చూచి ఆకాశపు వెన్నెల చిన్నబుచ్చుకొనవలసినదే. పింగళి నాగేంద్రరావు మాటలనుదురు. తసమదీయులు, గింబళి, గిల్పము మొదలగు ఆయన సృష్టి యింటింట పిల్లల నోట నానినది. రంగారావు ఘటోత్కచుడు, సావిత్రి శశిరేఖ, అందులోను ఘటోత్కచుడు ఆవేశించిన శశిరేఖ. ఒక ఆడుపిల్ల మేనిలో ఒక రాక్షసుడు సిగ్గుపడుటకు ప్రయత్నించుచున్నాడని మనచేత నమ్మించుట ఎంతటి నటనయో! ఇవన్నియు నిజములే. అయినను ఇవన్నియు నుండియు మూలబడిన చిత్రములు కలవు.

కథను కొంచెము విప్పి చూతము. వ్యాసభారతమున ఈ కథ లేదు. శశిరేఖ బలరాముని కూతురు. అభిమన్యుడు సుభద్ర కొడుకు. అనగా మేనమామ కూతురు, మేనత్త కొడుకు. చిన్ననాడే మాట యిచ్చుకొన్నారు. పాండవులు జూదములో సర్వము పోగొట్టుకొనగనే వదినగారగు రేవతికి మాట మారినది. కలవారి సంబంధము, దుర్యోధనుని కొడుకు సంబంధము, ముందుకు వచ్చినది. సుభద్ర పుట్టింటికి వచ్చి, అన్నను నిలదీసి, అవమానపడి, కొడుకును వెంటబెట్టుకొని అడవిదారి పట్టినది. ఇది ద్వాపరయుగపు కథయా? ఇట్టి రేవతియు, ఇట్టి సుభద్రయు లేని వంశము మన ఊళ్లలో ఒకటైన కలదా? ఆస్తి పోయిన ఆడపడుచునకు పుట్టింట పీట మారుట చూడనివారెవరు? పానగల్లు రాళ్లపై బొమ్మలకు పేర్లు చెప్పిన ఆ ముసలివాడు నేలపై కూర్చుండి ఈ చిత్రమును చూచిన, ఇక్కడ సైతము పేర్లు చెప్పగలడు. అయితే ఈసారి తన చుట్టములవి చెప్పును. ఘటోత్కచుని మాయలన్నియు వేడుకకే గాని, వేడుకకు అడుగున నున్న కోరిక ఒక్కటే. పేదరికము వచ్చిన చుట్టమును చిన్నచూపు చూచినవారికి నలుగురిలో బుద్ధి రావలెను. పాండవులు ఆ చిత్రములో ఒక్కమారైనను కనబడరు. కనబడవలసిన పని లేదు. చితికిపోయిన మగవారిని ఎవరును చూడగోరరు. వారి ఆడవారు ఎట్లు నిలబడిరన్నదే చూచువారికి కావలసినది.

ఈ పత్రిక పోవు ఇండ్లలో రేడియో కలదు గనుక అక్కరకు వచ్చు మాట యొకటి. మాయాబజారును చూచినవారికన్న విన్నవారు ఎక్కువేమో! హైదరాబాదు కేంద్రము 1935లో దక్కను రేడియోగా నిజాము ప్రభుత్వముక్రింద నుండి, 1950లో ఆకాశవాణిలో చేరినది. 1952లో కేస్కరుగారు మంత్రిగా నున్నప్పుడు సినిమాపాటలకు ఆకాశవాణిలో తలుపులు మూసిరి. జనులు అలుగలేదు, వాదింపలేదు; మీట త్రిప్పి సిలోను పెట్టుకొనిరి. 1957 అక్టోబరులో వివిధభారతి వచ్చి ఆ తలుపు మరల తెరచినది. తరువాతి కాలమున చిత్రపు శబ్దమును కుదించి సంక్షిప్త శబ్దచిత్రమను పేర ప్రసారము చేయుచుండిరి. సినిమాకు పోవు వీలులేని కోడండ్లును, కన్ను మందగించిన అత్తలును వంటింటి గడపకడ కూర్చుండి ఘంటసాల గొంతును, రంగారావు నవ్వును వినిరి. బొమ్మ లేకయే చిత్రము నిలిచిన దనగా, దాని బలము పలుకులోను పాటలోను ఉన్నదనియే కదా.

పలుకు మాట వచ్చినది గనుక అసలు చెప్పవలసిన సంగతికి వత్తును.

నల్లగొండ జిల్లా కోదాడ దగ్గర గుడిబండలో 1923లో పుట్టిన కాంతారావు మన జానపద చిత్రముల రాకుమారుడు. భక్తప్రహ్లాద తీసిన హెచ్. ఎం. రెడ్డియే 1953లో ప్రతిజ్ఞ చిత్రమున ఆయనను నాయకుని చేసెను. తరువాత విఠలాచార్య చిత్రములలో కత్తి తిప్పి, నారదుడుగా చిడతలు వాయించి, 1963 నాటి రంగుల లవకుశలో లక్ష్మణుడుగా కన్నీరు పెట్టించెను. మన జిల్లావాడు తెరపై గుఱ్ఱమెక్కుచున్నాడని మనవారు పొంగిపోయిరి. అయితే ఆ రాకుమారుని నోట గుడిబండ పలుకు ఏనాడును రాలేదు. రాజకుమారునికి గ్రాంథికము, సాంఘిక నాయకునికి కృష్ణాతీరపు మాట. మన ఇండ్లలో "ఏంది" అనుకొనుచు కూర్చున్నవారు తెరమీద "ఏమిటి" అని వినుట అలవాటు చేసికొనిరి. దానిని ఎవరును తప్పుగా ఎంచలేదు. బడిలో పంతులుగారి భాష వేరు, ఇంట అమ్మ భాష వేరు అయినట్లే, తెర భాషయు వేరనుకొనిరి. ప్రీతికి అది అడ్డము రాలేదు. కాని ఒక వెలితి మాత్రము ఉండిపోయినది. వెలితియని తెలియుటకే చాల ఏండ్లు పట్టినది.

భూమిని గూర్చిన చిత్రములు తెలుగునకు క్రొత్త కావు. గూడవల్లి రామబ్రహ్మము 1939లోనే రైతుబిడ్డ తీసి జమీందారుల ఆగ్రహమునకు గురియయ్యెను. దానిని నిర్మించిన సారథీ సంస్థకు పెద్దదిక్కు చల్లపల్లి జమీందారు! చరిత్రకు ఇట్టి హాస్యములు ఇష్టము. ఆ చిత్రమునకు సంభాషణలు వ్రాసినవారిలో త్రిపురనేని గోపీచందు ఒకరు. ఆయన కుమారుడు సాయిచంద్ నలుబది యేండ్ల తరువాత నాయకుడుగా నటించిన చిత్రమే మాభూమి.

మాభూమి 1979లో తయారయి 1980లో జనుల ముందుకు వచ్చినది. నిర్మాతలు బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్. దర్శకుడు గౌతమ్ ఘోష్. అప్పటికి ముప్పది యేండ్లు నిండని బెంగాలీ యువకుడు, ఇదియే ఆయన మొదటి కథాచిత్రము. హైదరాబాదులో తొలి చిత్రసంస్థను పెట్టినవాడు బెంగాలీ. తెలంగాణపు పలుకును తెరకెక్కించినవాడును బెంగాలీ. మన చెవులకు అలవాటై వినబడని దానిని పరాయి చెవి పట్టుకొనుట వింత కాదు. కథకు మూలము కృష్ణచందరు ఉర్దూలో వ్రాసిన జబ్ ఖేత్ జాగే అను నవల. పేరు మాత్రము సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి వ్రాసి, 1947 ప్రాంతమున ప్రజానాట్యమండలివారు ఊరూర ఆడగా నిషేధమునకు గురియైన నాటకమునకును ఉన్నది.

కథ నల్లగొండ సీమలోని సిరిపురమున జరుగును. రామయ్య యను రైతుకొడుకు, చంద్రి యను లంబాడీ పిల్ల. గడిలోని దొర కన్ను ఆ పిల్లపై పడును. రామయ్య ఊరు విడిచి హైదరాబాదు చేరి, రిక్షా లాగి, కర్మాగారమున పని చేసి, కార్మికసంఘమువారి సావాసమున చదువును తెలివియు నేర్చి, ఊరికి మరలివచ్చి తిరుగుబాటులో నిలిచి, చివరకు తుపాకికి బలియగును. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరుగుటతో రాజుకొని, 1951 అక్టోబరు వరకు సాగిన సాయుధపోరాటమును చూచినవారు మాభూమి వచ్చునాటికి ఇంకను ఎందరో బ్రతికి యుండిరి. వారికి ఇది కట్టుకథ కాదు. దొర గడి యెట్లుండునో, వెట్టి యెట్లుండునో, మాలీపటేలు ఎట్లు గద్దించునో వారికి తెలియును. పచ్చల సోమేశ్వరమున భీముని గుర్తుపట్టినట్లే తెరమీది వానిని గుర్తుపట్టి పేర్లు చెప్పిరి.

ఆ చిత్రమున అన్నిటికన్న బలమైనవి పాటలు. భువనగిరి వైపు సుద్దాల గ్రామపు హనుమంతు గొల్లసుద్దులు, బుర్రకథలు చెప్పి పోరాటకాలమున ఊళ్లను మేలుకొలిపినవాడు. పసులు గాచు బాలుని గూర్చి ఆయన కట్టిన పాట అందున్నది. నైజాము సర్కారును సవాలు చేయుచు బండి యాదగిరి కట్టిన పాటను గద్దరు తెరపైకి తానే వచ్చి పాడెను. ఆ పాటలు సినిమా కొరకు పుట్టినవి కావు; అంతకు ముప్పది యేండ్లనుండి జనుల నోట నున్నవి. మాయాబజారులో ఘటోత్కచుని విందు పాట సురభి రంగస్థలముపై ముందే వినబడిన దనుదురు. రెండు చిత్రములును ఒక్కతీరుగనే చేసినవి. జనుల సొమ్మును జనులకే మరల చూపి, ఇది నీదే యని గుర్తు చేసినవి. పెద్ద నటులు లేరు, రంగులు లేవు, నృత్యములు లేవు. అయినను హైదరాబాదులో ఉదయపు ఆటగా అది నెలల తరబడి ఆడెను. నేను ముందు చెప్పిన 2013 నాటి నూరు చిత్రముల పట్టికలో మాయాబజారుతోపాటు మాభూమియు నున్నది. ఆ పట్టిక వేసినవారికి వీనిని ఒకచోట చేర్చుట కాకతాళీయమే కావచ్చును, నాకు మాత్రము కాదు.

మాభూమి తరువాత మన పలుకునకు తెరమీద రాజమార్గము దొరకినదనుకొందురేమో, దొరకలేదు. తరువాతి దశాబ్దములలో ఆ పలుకు విరివిగనే వినవచ్చెను గాని, ఎవరి నోట? గూండా నోట, విదూషకుని నోట, మోసగాడగు నాయకుని నోట. 1985 నాటి ప్రతిఘటనలో కోట శ్రీనివాసరావు తెలంగాణపు యాసలో మాటలాడు దుష్టనాయకుడై అద్భుతముగా నటించెను. ఆ నటనకు చేతులెత్తి మ్రొక్కవలసినదే. కాని ఒకే యాస పదేపదే దుష్టునికి, బుద్ధిహీనునికి అంటగట్టబడినచో, ఆ యాస ఇంట మాటలాడు పిల్లవాడు పట్నపు కళాశాలలో నోరు తెరచుటకు సిగ్గుపడును. తోడివాండ్రు తనను చూచి నవ్వకమునుపే తానే నవ్వి తప్పించుకొనుట నేర్చుకొనును. ఇది చిన్న గాయము కాదు. ఎవరో కావలెనని చేసినదియు కాదు. అలవాటుగా జరిగినది, అందుచేతనే చాలకాలము జరిగినది.

నరసింగరావు మాత్రము తన దారి విడువలేదు. గడిలోని ఆడుబాపల బ్రతుకును చూపిన దాసి 1988 సంవత్సరమునకు గాను అయిదు జాతీయ బహుమానములు గెలిచినది. అర్చన ఉత్తమ నటి. దుస్తుల రూపకల్పనకు మిర్యాలగూడ కళాకారుడు సుదర్శన్‌కు బహుమానము దక్కినది. ఆ చీర కట్టును, ఆ మాసిన ముతక గుడ్డను చూడుడు, ఎవరింటి బీరువాలోనుండియో తెచ్చినవి కావవి. అయినను ఉన్నమాట చెప్పవలెను. దాసిని మనవారు గౌరవించిరి. మాయాబజారును ప్రేమించినట్లు ప్రేమింపలేదు. అందు మౌనమెక్కువ. మన చూపరులు దుఃఖమును ఓర్చుకొందురు, మౌనమును ఓర్చుకొనలేరు. 1997లో దాసరి నారాయణరావు తీసిన ఒసేయ్ రాములమ్మ అదే గడిని, అదే దుఃఖమును తీసికొని, మాటయు పాటయు జోడించగా జనులు విరగబడి చూచిరి. హనుమంతు కొడుకు సుద్దాల అశోక్‌తేజ పాటలు అందున్నవి. సుకుమారమైన చిత్రమని దానిని ఎవరును అనరు. కాని ఒక తెలంగాణపు ఆడుది మన మాట మాటలాడుచు కథానాయికయై నిలిచినది, నవ్వించుటకు కాదు.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమేర్పడినది. తరువాత ఈ పలుకు నాయకునికిని నాయికకును వచ్చుట వింత గాకపోయినది. 2017 నాటి ఫిదాలో బాన్సువాడ పిల్ల తన మాటతోనే దేశమును మెప్పించినది. అయినను నేను ఎదురుచూచిన చిత్రము 2023 మార్చిలో వచ్చినది. వేణు యెల్దండి యను హాస్యనటుడు మొదటిసారి దర్శకత్వము వహించిన బలగము అది. కథ చెప్పిన నవ్వు వచ్చును. ఏండ్లక్రితము విందులో బావకు నల్లిబొక్క వడ్డించు దగ్గర మాట పట్టింపు వచ్చి, ఆడపడుచునకు పుట్టింటితో రాకపోకలు తెగిపోయినవి. తండ్రి కొమురయ్య చనిపోయినాడు. పిండము పెట్టిన పిట్ట ముట్టదు. ఊరంతయు ఎదురుచూచుచున్నది, అన్నదమ్ములు ఒండొరులను నిందించుకొనుచున్నారు. ఇటువైపు కొమురయ్య మనుమడు, అటువైపు ఆ ఆడపడుచు కూతురు. మరల అదే మేనరికము, అదే అలిగి వెళ్లిన సుభద్ర. మాయలు చేయుటకు ఘటోత్కచుడు లేడు గనుక ఆ పని ఒక కాకి చేయవలసివచ్చినది. మాయాబజారులో మన చుట్టరికముండినది గాని మన పలుకు లేకుండెను. మాభూమిలో మన పలుకుండినది గాని ఇంటిలోని చిన్నచిన్న అలుకలకు ఆ పోరాటపు కథలో చోటు లేకపోయెను. రెండును కలిసి ఒకే తెరమీద కూర్చుండుటకు అరువదియారేండ్లు పట్టినది.

విడుదలయిన కొన్ని వారములకే తెలంగాణపు పల్లెలలో ఒక వింత జరిగినది. గ్రామపంచాయతీలవారు చావడికడనో బడి మైదానములోనో తెర గట్టి, ఊరంతటికి చిత్రమును చూపిరి. ఇండ్లలో టెలివిజను లేకపోవుటచేత కాదు. ప్రతివాని అరచేతిలోను తెర యున్న కాలమిది. చీకటిపడగనే చాపలు పట్టుకొని వచ్చి నేలమీద కూర్చుండిరి. మాటలు లేని అన్నదమ్ములు మరల పలుకరించుకొనిరని పత్రికలలో వార్తలు వచ్చెను. చివరి ఘట్టమున చనిపోయిన తండ్రి తరఫున బిడ్డలకు కథగా పాడి చెప్పినవారు వరంగల్లు వైపునుండి వచ్చిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. వారు నటులు కారు. ఊరూర కథ చెప్పి బ్రతుకుట వారి వృత్తి. తెరమీదను అదే చేసిరి. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూసెను.